చెవి చదువూ కంటి చదువూ

అన్నవరం స్టేషనులో రైలు దిగి రత్నగిరి వైపు నడిచే యాత్రికుణ్ణి మొదట పలకరించే భాష తెలుగా, ఇంగ్లీషా అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పడం కష్టం. ‘రూము కావాలాండీ’, ‘టికెట్టు కౌంటరు అటేపండీ’, ‘లైను చాలా పెద్దదుందండీ’, ‘లగేజి ఇక్కడ పెట్టుకోండి’ అనే మాటలు నాలుగు దిక్కులనుంచీ వినిపిస్తాయి. వీటిలోని ఇంగ్లీషు మాటలను ఆటో నడిపేవారూ, పూలమ్ముకునే స్త్రీలూ, సత్రంలో గదులు ఊడ్చేవారూ ఏ బడిలోనూ నేర్వలేదు, ఏ నిఘంటువులోనూ చూడలేదు. చెవితో విని, తమ నోటికి అనువుగా మలచుకొని, చివర ఒక ఉకారం చేర్చి సొంతం చేసుకున్నారు. వాటి స్పెల్లింగు వారికి తెలియదు. తెలియనందువల్ల పని ఆగిపోయిన సందర్భమూ లేదు.

ఆ కొండ కింద కొబ్బరికాయలు అమ్ముకునే ఒక కుటుంబంలోని అమ్మాయి నా దగ్గర చదువుకుంది. పట్టా పుచ్చుకొని, ఒక నగరంలో ఒక ఉద్యోగానికి ముఖాముఖి పరీక్షకు వెళ్ళింది. గోదావరి జిల్లాల గురించి చెప్పమంటే చెప్పింది. చెబుతూ ‘పడమర’ అనే అర్థంలో ‘వెస్ట్’ అంది. ఎదుట కూర్చున్న ముగ్గురూ పకపకా నవ్వారట. ఆమె పలికిన పద్ధతిలో ఆ మాటకు ‘బనియను’ అని అర్థం వస్తుందని అందులో ఒకరు వివరించారట. ఉద్యోగం రాలేదు. తిరిగివచ్చిన తర్వాత ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది: “మాస్టారూ, నేనన్నదానికీ వాళ్ళన్నదానికీ తేడా నాకు వినపడలేదండీ. వినపడని తేడాని ఎలా దిద్దుకోనండీ?”

నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఈ ప్రశ్న ఇంగ్లీషు మాస్టారిని అడగవలసిందని తప్పించుకోవచ్చు. కాని ఆలోచించినకొద్దీ, ఇది ఇంగ్లీషు వ్యాకరణానికి చెందినదానికన్నా మన విద్యాచరిత్రకు ఎక్కువగా చెందిన ప్రశ్న అని నాకు తోచింది. రెండు వందల ఏళ్ళుగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న జాతికి దాని ధ్వనుల్లో ఇంత సాధారణమైన తేడా వినపడకుండా ఎలా పోయింది? ఎవరు, ఎందుకోసం, ఏ పద్ధతిలో నేర్పారు?

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు రెండు రకాలు. మొదటిరకం, ఇంగ్లీషువారి చెవికే ఒకటిగా వినిపించేవి. ‘రైట్’ అంటే ఒప్పు, కుడి, రాయడం, కర్మకాండ. ‘సన్’ అంటే సూర్యుడూ కొడుకూ. ‘వీక్’ అంటే వారమూ బలహీనమూ. ‘నైట్’ అంటే రాత్రీ వీరయోధుడూ. వీటిని విడదీసేది ఒక్క రాత మాత్రమే. ఈ రాతకు చారిత్రక కారణం ఉంది. 1476లో కాక్‌స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత ఇంగ్లీషు రాత క్రమంగా గడ్డకట్టింది. నోరు మాత్రం ఆగలేదు. 15వ శతాబ్దినుంచి రెండు మూడు వందల ఏళ్ళపాటు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి, కొన్ని హల్లులు నోటినుంచి జారిపోయాయి. యోధుణ్ణి తెలిపే ‘నైట్’ మొదట్లో ఒక ‘కె’ అక్షరం కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పలికేవారు. నేడది పలకని అక్షరం.

ఇది మనకు కొత్త సంగతి కాదు. ‘ఏఱు’ అంటే నది, ‘ఏరు’ అంటే నాగలి. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే ఆరుకు పైసంఖ్య. పూర్వం వీటి ఉచ్చారణలో తేడా ఉండేది. అది జనం నోట ఎప్పుడో కలిసిపోయింది. ఏరు దాటి వెళ్ళి ఏరు పూన్చిన రైతుకు ఎన్నడూ అర్థసందేహం కలగలేదు. బండిరాను, అరసున్నను పిల్లలచేత కంఠస్థం చేయించిన పండితులతో వాడుకభాషావాదులు ఒక తరం పోరాడి, చచ్చిన అక్షరాలను పాఠ్యపుస్తకాలనుంచి సాగనంపారు. అదే మనం మరొక భాషలోని పలకని అక్షరాలను మన పిల్లల చేత బెత్తం పట్టి వల్లె వేయించాం. ఆ అక్షరాలు అక్కర లేవని నేననను. ఆ భాష రాయాలంటే అవి తెలియాలి. కాని మన చదువులో ఇంగ్లీషు అంటే అవే అయిపోయాయి.

రెండవరకం, ఇంగ్లీషువారి చెవికి వేరువేరుగా వినిపించి, మన చెవికి ఒకటిగా వినిపించేవి. పడమర – బనియను. తడి – పశువైద్యుడు. ద్రాక్షసారా – ద్రాక్షతీగ. ఈ జంటల్లో మొదటి మాటకు వారు రెండు పెదవులూ గుండ్రంగా చుట్టి మొదలుపెడతారు. రెండవదానికి పైపళ్ళను కింది పెదవికి ఒరిపిస్తారు. మన ‘వ’ ఈ రెంటికీ మధ్యది; పంటికీ పెదవికీ రాపిడి లేనిది. మన లిపిలో ఉన్నది ఒకే ‘వ’ గనుక రెండింటినీ ఒకే పెట్టెలో పడవేస్తాం. మా అమ్మాయి చిక్కుకున్నది ఈ రెండవరకంలో. మొదటిరకాన్ని మన బళ్ళు అతిశ్రద్ధగా నేర్పాయి. రెండవరకాన్ని దాదాపు నేర్పనే లేదు. ఎందువల్ల?

చరిత్రలోకి వెళదాం. ఇంగ్లీషు ఈ తీరానికి మొదట వచ్చింది పుస్తకంగా కాదు, సరుకు బేరంగా. మచిలీపట్నం రేవులో, ఆ తరువాత చెన్నపట్నంలో ‘దుబాసీ’ అనే పదవి పుట్టింది. ద్విభాషి అన్న మాటకు అది వాడుకరూపం. దుబాసీలు చెవితో నేర్చినవారు. తప్పో ఒప్పో వారి ఇంగ్లీషు ఎదుటి మనిషితో మాట్లాడటానికి పుట్టినది. వంటవారూ, నౌకర్లూ మాట్లాడిన ఇంగ్లీషును దొరలు ‘బట్లరు ఇంగ్లీషు’ అని వెక్కిరించారు. వెక్కిరిస్తూనే దానితో ఇల్లు గడుపుకున్నారు.

ఆ కాలంలో నిజంగా ఘనమైన పాండిత్యం సంపాదించిన తెలుగువారు లేకపోలేదు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు కాలిన్ మెకంజీ వద్ద పనిచేశారు. వారిలో రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో ప్రచురించాడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి (1780–1836) కాశీయాత్ర చరిత్రను తెలుగులో రాశాడు. వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకోగా 1873లో అది అచ్చయింది. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఆయన సమర్పించిన నివేదికలో, మన బడులలో పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లిస్తున్నారని విమర్శించాడు. ఆ వల్లెవేతే రేపు ఇంగ్లీషు చదువుకూ పట్టుకొంటుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

అప్పటికి దొరలే మన భాష నేర్చుకోవలసిన దశ. 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది కంపెనీ యువోద్యోగులకు దేశభాషలు నేర్పడానికి. కాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లోనూ, నిఘంటువు 1821లోనూ వచ్చాయి. సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు 1854లో ఆయన మరొక నిఘంటువే కూర్చాడు. పాలించబోయేవాడు పాలితుల భాష వినక తప్పని రోజులవి.

క్రమంగా ప్రవాహం తలకిందులైంది. 1835లో మెకాలే పత్రం, 1844లో ఇంగ్లీషు చదివినవారికి సర్కారు ఉద్యోగాలలో మొగ్గు చూపాలన్న హార్డింజి తీర్మానం, 1854లో వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మచిలీపట్నంలో రాబర్టు నోబుల్ 1843లోనే పాఠశాల తెరిచాడు. రాజమండ్రిలో 1853లో సర్కారు పాఠశాల మొదలై, 1870లలో కళాశాలగా ఎదిగింది. రాజమండ్రిలోనే పుట్టిన కందుకూరి వీరేశలింగం (1848–1919) కోరంగిలోనూ ధవళేశ్వరంలోనూ ఆంగ్ల పాఠశాలలకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత తెలుగు పండితుడైనాడు. ఇంగ్లీషు ద్వారా వచ్చిన కొత్త భావాలను ఆయన తెలుగులో జనానికి పంచిన తీరు మనకు తెలిసిందే. ఇంగ్లీషు మనకు చేసిన మేలును కాదనడం చరిత్రను కాదనడమే అవుతుంది.

కాని ఈ చదువు వెనుక ఉన్న అవసరం ఏమిటో చూడాలి. కలెక్టరు కచేరీకి, కోర్టుకు, రైల్వేకు కావలసింది దస్తావేజును తప్పులేకుండా నకలు రాసే గుమాస్తా. అతడు దొరతో చర్చించనక్కరలేదు, చర్చించకపోతేనే మేలు. మెట్రిక్యులేషను అనే గడపను దాటించేది రాతపరీక్ష. రాతలో ‘పడమర’కూ ‘బనియను’కూ తికమక రాదు, అక్షరాలు వేరు గనుక. తికమక వచ్చేది ‘వారం’ దగ్గరా ‘బలహీనం’ దగ్గరా. అక్కడ మార్కు పోతుంది, బెత్తం విరుగుతుంది. ఈ విధంగా, పరీక్షకు అక్కరకు వచ్చే మొదటిరకం మీద బడి దృష్టంతా నిలిచింది. మనుషులతో మాట్లాడేటప్పుడు అక్కరకు వచ్చే రెండవరకం పక్కకు పోయింది. కంటి చదువు పెరిగి చెవి చదువు ఎండిపోయింది. ఇది ఉపాధ్యాయుల అజ్ఞానం వల్ల జరిగింది కాదు. ఆ వ్యవస్థ కోరుకున్న మనిషి అలాంటివాడు.

ఈ విద్య ఎంత డొల్లగా ఉండగలదో గురజాడకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ ముచ్చటపడి కొడుకునూ గిరీశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమని అడుగుతుంది. శిష్యుడు పాఠాల ముక్కలను అప్పజెబుతాడు, గురువు అదే తరహాలో బదులిస్తాడు. ఇద్దరి మాటలకూ పొంతన లేదు, కాని తల్లి మురిసిపోతుంది. మనం ఆ దృశ్యానికి నూరేళ్ళుగా నవ్వుతున్నాం. వెంకమ్మ ఆశలో మాత్రం నవ్వదగినదేమీ లేదు. ఆ ధ్వని వెనుక ఉద్యోగం ఉందని ఆమెకు తెలుసు. అర్థం తెలియని ఆ ధ్వనికే విలువ కట్టిన సంఘం మీద గురజాడ నవ్వాడు.

ఇక ‘తప్పు ఉచ్చారణ’ అనే మాట గురించి. దొరలు మన మాటలను ఎలా పలికారో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఏలూరును ‘ఎల్లోర్’ అన్నారు, కాకినాడను ‘కోకనాడ’ అన్నారు. రాజమహేంద్రవరం కాస్తా వారి కాగితాల్లో ‘రాజమండ్రి’ రూపంలోనే స్థిరపడి, 2015 దాకా సర్కారు పేరుగా నిలిచింది. ధవళేశ్వరం వద్ద 1847–52 మధ్య కట్టిన ఆనకట్ట వారి నోట ‘ఆనికట్’ అయింది. మన పొలాల్లోని పందికొక్కు వారి నోటబడి ‘బాండికూట్’ అయి, చివరకు ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు పేరుగా స్థిరపడింది. వీటిని ఎవరూ తప్పులనలేదు, నిఘంటువులకెక్కించారు. ఇటు కాలవగట్టున రైతు ‘లాకులు’ అన్నా, పల్లెలో ఎవరైనా ‘ఇస్కూలు’ అన్నా మోటు అన్నారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. ఒక భాష మాటను మరొక భాష తన నోటికి తగ్గట్టు మలచుకుంది. ఒకదాన్ని నిఘంటువుకూ, మరొకదాన్ని నవ్వులాటకూ పంపింది ధ్వనిశాస్త్రం కాదు, అధికారం. ముఖాముఖి గదిలో మా అమ్మాయికి ఎదురైన నవ్వు ఆ అధికారం మిగిల్చిపోయిన ఆస్తి. నేడు దాన్ని అనుభవిస్తున్నవారు మనవారే.

కథ ఇంతటితో ముగిస్తే సగమే చెప్పినట్లు. ఇంగ్లీషును చెవిద్వారా నేర్పాలన్న ఆలోచన మన గడ్డమీద ఒకసారి వచ్చింది. దాని ఫలం ఇంగ్లీషుకు దక్కలేదు, తెలుగుకు దక్కింది. 1906లో జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చాడు. సజీవభాషను నేర్పేటప్పుడు మాట ముందు, పుస్తకం తరువాత అన్న ప్రత్యక్షపద్ధతి మీద నమ్మకం ఉన్నవాడు. అతడు తెలుగు తరగతుల్లో కూర్చుని చూడగా, పుస్తకంలోని తెలుగు వేరు, బయట జనం మాట్లాడే తెలుగు వేరు. ఎందుకిలా అని అతడు వేసిన ప్రశ్న విశాఖపట్నంలోని పి. టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకూ, గిడుగు రామమూర్తికీ (1863–1940) చేరింది. వాడుకభాషోద్యమం రాజుకున్నది అక్కడ.

గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. లిపిలేని సవర భాషను సవరల నోటినుంచి విని నేర్చి, దాని ధ్వనులను పట్టుకోవడానికి ధ్వనిశాస్త్రం స్వయంగా అభ్యసించినవాడు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణానికీ, 1938నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువుకూ పునాది చెవి చదువే. 1919లో రాజమండ్రిలో వీరేశలింగం అధ్యక్షుడుగా వాడుకభాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన తరువాత గిడుగు చేరుకున్నదీ రాజమండ్రినే. ఇంతటి వారసత్వం ఉండికూడా, వినికిడితో మొదలుపెట్టాలన్న ఆయన పద్ధతిని మన ఇంగ్లీషు తరగతి అందుకోలేదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఏర్పడి, ఉచ్చారణకు శాస్త్రీయమైన శిక్షణ మొదలైంది. కాని అన్నవరంలాంటి ఊళ్ళలోని పిల్లలకు చేరింది మాత్రం పాత వల్లెవేతే.

తెలుగు నోరు ఇంగ్లీషుకు అడ్డమన్న అభిప్రాయం ఒకటి బలంగా ఉంది. పరిశీలిస్తే నిలబడదు. సన్నని వస్తువును తెలిపే మాటనూ, రేకుడబ్బాను తెలిపే మాటనూ ‘థిన్’, ‘టిన్’ అని మనవాడు సులువుగా వేరుచేస్తాడు. మన భాషలో దంత్యాలూ మూర్ధన్యాలూ విడివిడిగా ఉన్నాయి గనుక. ఓడనూ గొర్రెనూ తెలిపే ‘షిప్’, ‘షీప్’ల విషయంలో ప్రపంచంలో ఎన్నో జాతులవారు తడబడతారు, హ్రస్వదీర్ఘాలు తెలిసిన మనకు ఆ బెడద లేదు. ‘బ్యాంకు’లోని అచ్చుకు మన లిపిలో అక్షరం లేదు, కాని గోదావరి మనిషి ‘వచ్చాడు’ అన్నప్పుడు ఆకారానికీ ఏకారానికీ నడుమ పలికే అచ్చు దానికి దగ్గరిది. జంతుప్రదర్శనశాలను తెలిపే ‘జూ’లోని మొదటి ధ్వని కష్టమంటారు, ‘జీతం’లోని జకారంనుంచి వెళితే కష్టమే, ‘జాలి’లోని దంత్యజకారంనుంచి వెళితే సగం దూరం తగ్గుతుంది. నోటిలో ఉన్నవి లిపిలో లేవు. చదువు లిపిలోనే నడిచింది గనుక నోటిలో ఉన్న ఆస్తి అక్కరకు రాలేదు.

ధ్వనిని స్థానకరణాలతో విశ్లేషించడం ఈ దేశపు పాతవిద్య. శిక్షాగ్రంథాలూ ప్రాతిశాఖ్యాలూ చేసిన పనినుంచి 19వ శతాబ్దపు ఐరోపా ధ్వనిశాస్త్రం ఎంతో నేర్చుకుంది. దీన్ని చెప్పుకుని పొంగిపోవడం తేలిక. రెండో సంగతి కూడా చెప్పాలి. ఆ చెవి చదువును తరతరాలుగా ఒక వర్ణం తన గుప్పిట దాచుకుంది, తక్కినవారి చెవులకు తలుపు వేసింది. ఈనాడు మంచి ఉచ్చారణ ఫీజులు కట్టగలవారి పిల్లలకు మాత్రమే వినిపిస్తున్నది. తలుపు అదే, కాపలాదారు మారాడు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడులన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వాదోపవాదాల్లో మాతృభాష ఒకవైపూ, పేదవారి ఇంగ్లీషు కోరిక మరొకవైపూ నిలబడినట్లు చిత్రించారు. ఈ పోటీ కృత్రిమం. ఇంగ్లీషు కోరుకునే కూలివాడి మీద భాషాద్రోహమనే ముద్ర వేయడం, తమ పిల్లలను ముందే దాటించుకున్నవారికి తగదు. అట్లాగే, మాధ్యమం మార్చినంతమాత్రాన ఇంగ్లీషు వస్తుందనుకోవడమూ పొరపాటే. లెక్కలూ సామాన్యశాస్త్రమూ ఇంగ్లీషులో వల్లె వేయించినందువల్ల కంటి చదువు మరికొంత పెరుగుతుంది; చెవి తెరుచుకోదు. చెవి తెరవాలంటే పిల్లవాడి నోట ఉన్న తెలుగునుంచే బయలుదేరాలి.

మా అమ్మాయి ప్రశ్నకు నేను చేసిన ప్రయత్నం చెప్పి ముగిస్తాను. ‘ఒకటి’ అన్న మాటను మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే అనమన్నాను. మొదట సిగ్గుపడింది, ఆ పలుకు మోటని ఆమెకు బడిలో చెప్పి ఉన్నారు. తరువాత ‘వొకటి’ అంది. పెదవులు ఎలా ఉన్నాయో అద్దంలో చూసుకోమన్నాను. గుండ్రంగా చుట్టుకున్నాయి. ఆ పెదవులతోనే ‘పడమర’ను ఇంగ్లీషులో పలకమన్నాను. ఆ తరువాత పైపళ్ళను కింది పెదవికి ఆనించి ‘బనియను’ను పలకమన్నాను. నాలుగైదుసార్లు మార్చి మార్చి పలికింది. ఉన్నట్టుండి ఆగి, “వినపడుతోందండీ” అంది.

పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. పదిహేనేళ్ళ చదువులో ఆ పది నిమిషాలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆమెను గట్టెక్కించింది, మోటని బడి వెలివేసిన ఆమె ఇంటి తెలుగే.